తొమ్మిది వందల గ్రాముల డాక్టరు

రోగిని ఎదురుగా కూర్చోబెట్టి డాక్టర్లకు పరీక్ష పెట్టడం మోటు పద్ధతి అని పైవాళ్లకు ఒక వేసవిలో తోచింది. అప్పటిదాకా ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్ల శిక్షణ పూర్తయిన డాక్టరుకి ఆఖరి రోజున ఒక ఆయాసం రోగినో, ఒక సుగరు రోగినో అప్పజెప్పి, జబ్బేమిటో కనుక్కుని వైద్యం చెప్పమనేవారు. చెప్పినవాళ్లు గట్టెక్కేవాళ్లు. చెప్పలేనివాళ్లు ఆరు నెలలు ఆగి మళ్లీ వచ్చేవాళ్లు. ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. ఈ పరీక్ష వల్ల డాక్టరుకి వైద్యం వచ్చో రాదో తెలిసేది గాని, వైద్యం చేస్తున్నంతసేపూ అతని అంతరంగంలో ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు. అందుచేత ఆ పరీక్ష రద్దయింది. దాని స్థానంలో అభ్యసన సంపుటి వచ్చింది.

సంపుటి అంటే మరేం కాదు, పెద్ద ఫైలు. చూసిన ప్రతి రోగికీ అందులో ఒక ఎంట్రీ రాయాలి. ఎంట్రీకి నాలుగు గడులు. ఏం జరిగింది, నాకేమనిపించింది, నేనేం నేర్చుకున్నాను, మళ్లీ అయితే ఎలా చేస్తాను. కింద రోగి సంతకం, సంతకం రానివాళ్లయితే ఎడమ బొటనవేలి ముద్ర. ఏడాది చివర ఈ ఫైలు చూసి డాక్టరు పాసో ఫెయిలో తేలుస్తారు. రోగి బతికాడా లేదా అన్న గడి పెట్టడానికి చోటు చాలలేదు.

నందివలస ఏరియా ఆసుపత్రిలో మూడో ఏడు శిక్షణలో ఉన్న డాక్టర్ వకుళకి ఈ సంగతి ఒక మంగళవారం పొద్దున, నలభై మూడో రోగికి బీపీ చూస్తుండగా తెలిసింది. స్టాఫ్ నర్సు సుగుణమ్మ సర్క్యులర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. వకుళ దాని మీద బీపీ మిషను పెట్టి నలభై నాలుగో రోగిని పిలిచింది.

మంగళవారం క్లినిక్ ఆవిడ సొంత పెంపకం. ఆ ఆసుపత్రికి వచ్చిన కొత్తలో బీపీ, సుగరు రోగులు ఓపీలో జ్వరాల మధ్య నిలబడి నిలబడి, విసుగొచ్చి మందులు మానేసేవారు. వకుళ మెట్ల కింద ఒక బెంచీ వేయించి, ఒక పొడుగు నోటుబుక్కు కొని, మంగళవారం వాళ్లని మాత్రమే చూస్తానని చెప్పింది. రెండేళ్లలో ఆ పుస్తకంలోకి రెండు వందల పదకొండు పేర్లు ఎక్కాయి. పేరు పక్కన ప్రతి నెలా బీపీ, ఆ పక్కన రోగి చెప్పిన మాట. అంతే. అందులో తన గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. ఆ అలవాటే తర్వాత ఆవిడ కొంప ముంచింది.

ఆ రెండు వందల పదకొండు మందిలో పైడితల్లి ఒకామె. జీడిపిక్కల బట్టీలో పప్పు ఒలిచే మనిషి, యాభై దాటాయి. మూడు నెలలు మందులిచ్చినా ఆమె బీపీ నూట తొంభై దిగలేదు. మందు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానని తలూపేది. నాలుగో నెలలో వకుళ పెన్ను మూసి పక్కన పెట్టి, బట్టీలో పని ఎన్నింటికి మొదలవుతుంది, అన్నం ఎక్కడ తింటారు, మధ్యలో లేవనిస్తారా అని అడుగుతూ కూర్చుంది. పావుగంటకి అసలు సంగతి బయటపడింది.

“ఆ మాత్తరేసుకుంటే గంటకోపాలి ఒంటికెల్లాలమ్మా,” అంది పైడితల్లి గొంతు తగ్గించి. “బట్టీకాడ ఆడోలికి మరుగేది? అందుకే మానీసినాను. నీకు సెప్తే తిడతావని సెప్పనేదు.”

నీరు తీసే మాత్ర అది. వకుళ దాన్ని తీసేసి వేరేది రాసింది. నెల తిరిగేసరికి బీపీ నూట ముప్ఫై ఆరు. పొడుగు పుస్తకంలో పైడితల్లి పేరు పక్కన “బట్టీలో మరుగు లేదు” అని మూడు మాటలు మాత్రం రాసి ఉన్నాయి.

సంపుటి మీద అవగాహన సదస్సు జిల్లా కేంద్రంలో జరిగింది. సంపుటి విభాగానికి సంచాలకులైన డాక్టర్ నిగమేశ్వరరావు గారు వచ్చి రెండున్నర గంటలు మాట్లాడారు. తెల్ల సఫారీ, పలచని జుట్టు, మధ్యమధ్య పొడి దగ్గు. వైద్యుడు రోగిలోకి చూసే యుగం అంతరించి, వైద్యుడు తనలోకి తాను చూసుకునే యుగం ఆరంభమైందని ఆయన సెలవిచ్చారు. సాక్ష్యాధారిత అంతర్ముఖత్వమే నేటి అవసరమన్నారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. వకుళ లేచి, రోజుకి నూట ఇరవై మంది రోగులొస్తారు, ఒక్కో ఎంట్రీకి అరగంట పడుతుంది, మరి రోగుల్ని ఎప్పుడు చూడాలి అని అడిగింది.

నిగమేశ్వరరావు గారు ఆ ప్రశ్నకి సంతోషించారు. “మీ ప్రశ్నలోనే సమాధానం నిక్షిప్తమై ఉందమ్మా,” అన్నారు. “రోగుల సంఖ్యను హేతుబద్ధీకరించుకోండి.”

దాన్ని ఆ సభలో అందరికన్నా బాగా అర్థం చేసుకున్నవాడు డాక్టర్ చక్రపాణి. వకుళతో పాటే నందివలసలో శిక్షణ పొందుతున్నాడు. చెడ్డవాడేం కాదు. చక్కగా మాట్లాడతాడు, రోగుల్ని కసురుకోడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కాకపోతే చీము, నెత్తురు చూస్తే అతనికి కొంచెం ఒళ్లు తేలిపోతుంది. అలాంటివాడికి సంపుటి దేవుడిచ్చిన వరంలా దొరికింది.

అతను రోగుల్ని హేతుబద్ధీకరించి ఒక్కడికి తెచ్చాడు. ఆ ఒక్కడూ సింహాద్రి అనే దర్జీ. ఎడమ పాదం కింద సెగ్గడ్డ లేచి, కుట్టుమిషను తొక్కలేక వచ్చాడు. చక్రపాణి అతన్ని కూర్చోబెట్టి, గడ్డ సంగతి తర్వాత, ముందు గడ్డ వల్ల నీలో కలిగిన భావాలేమిటని అడిగాడు. సింహాద్రి నొప్పిగా ఉందన్నాడు. చక్రపాణి నలభై పేజీలు రాశాడు. రెండో రోజు మళ్లీ రమ్మన్నాడు. నిన్నటి ప్రశ్న అడుగుతున్నప్పుడు తన మొహం ఎలా ఉందో చెప్పమన్నాడు. మరో యాభై పేజీలయ్యాయి. మూడో రోజుకి సింహాద్రి కుంటుకుంటూ వచ్చి, చక్రపాణి గది దాటి, మెట్ల కింద బెంచీ మీద కూలబడ్డాడు. వకుళ చూసి, మత్తు సూది వేసి, గడ్డ కోసి, చీము తీసి, కట్టు కట్టి పంపింది. పది నిమిషాలు పట్టింది. వారానికి సింహాద్రి మిషను తొక్కుతున్నాడు.

చక్రపాణి సాయంత్రం వకుళ దగ్గరికి వచ్చాడు. అతనికి నిజంగానే బాధ కలిగింది.

“నా కేసు పాడైపోయింది మేడమ్,” అన్నాడు. “నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఈలోపు మీరు తగ్గించేశారు.”

అతను పితూరీ చెప్పలేదు. నాలుగు గడుల్లో ఒకదానిలో ఉన్నదున్నట్టు రాశాడంతే. అది చదివిన పైవాళ్లు వకుళకి మెమో పంపారు. సహ శిక్షణార్థి యొక్క అభ్యసన వనరును చికిత్స ద్వారా అకాలంగా నాశనం చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో వారం లోపు తెలియజేయమని ఉంది అందులో. గడ్డలో చీము పట్టింది గనుక కోశాను అని వకుళ ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. జవాబులో లోతు లేదని ఇంకో మెమో వచ్చింది.

మూడు నెలలకి తొలి సమీక్ష జరిగింది. ఫైళ్లు పేజీలు లెక్కపెట్టి చూడటం కష్టంగా ఉందని సమీక్షకులు టీకాల గదిలోంచి పసిపిల్లల్ని తూచే త్రాసు తెప్పించుకున్నారు. ఆసుపత్రికి ఆ త్రాసు ఒక్కటే. ఆ వారం టీకాలకి వచ్చిన బిడ్డల్ని సుగుణమ్మ చేతుల్లోకి ఎత్తుకుని, అటూ ఇటూ ఊపి, ఉజ్జాయింపుగా బరువు వేసింది. త్రాసుకున్న పట్టిక ప్రకారం రెండున్నర కిలోల లోపుంటే తక్కువ బరువు, ప్రత్యేక శ్రద్ధ అవసరం. సమీక్షకులు ఆ పట్టికనే ఖాయం చేశారు. చక్రపాణి సంపుటి అప్పటికే నాలుగు కిలోల రెండు వందలు తూగి, ముల్లు ఎదిగిన పిల్లల గీత దగ్గర ఆగింది. వకుళది తొమ్మిది వందల గ్రాములు. అందులోనూ సగం బరువు అట్టది.

బరువు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవారేమో. లోపల మూడో గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఏం నేర్చుకున్నారు అన్నచోట చాలా ఎంట్రీలకి వకుళ “ఇది ముందే తెలుసు” అని రాసింది. సమీక్షకుల్లో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, తెలిసిన వైద్యం తెలిసినట్టు చేస్తూ పోతే అభ్యసనం ఎక్కడ జరుగుతుందమ్మా అని జాలిగా అడిగారు. అభ్యసనానికి మూలం తప్పు. తప్పు జరగాలి, దాన్ని గుర్తించాలి, చింతించాలి, అధిగమించాలి. మూడు నెలలకి కనీసం పన్నెండు తప్పులు చూపించాలని ఆయన కాగితం మీద రాసిచ్చారు. అదే ఆసుపత్రిలో, అదే వరండాలో, పక్క గదిలో రోగుల భద్రతా సంఘం ఉంది. ఎవరైనా తప్పు చేసినట్టు రాతపూర్వకంగా దొరికితే విచారణ జరపడం దాని పని. ఆ రెండు గదులకీ మధ్య ఒక తలుపుంది గాని, దాని తాళం పోయి చాలా కాలమైంది.

వకుళ తప్పులు చేయలేదని కాదు. పైడితల్లిని మూడు నెలలపాటు సరిగ్గా అడగకపోవడం తప్పేనని ఆవిడకి తెలుసు. దాన్ని నిజాయితీగా రాసి పెట్టింది కూడా. అయితే రుజువేదీ అన్నారు. మరుగు లేని చోటి ఫొటో, బట్టీ యజమాని ధ్రువీకరణ, మూడు నెలలూ అడగలేదన్నదానికి ఇద్దరు సాక్షులు లేకపోవడంతో ఆ తప్పు చెల్లలేదు.

ఈ కష్టం వకుళ ఒక్కదానిదే కాదు. ఊరూరా శిక్షణలో ఉన్న డాక్టర్లు తప్పులు దొరక్క నానా అవస్థా పడుతున్నారు. వాళ్లని ఆదుకున్నవాడు ఆసుపత్రి గేటు ఎదురుగా జెరాక్స్ షాపు పెట్టుకున్న అప్పలనాయుడు. ఇంజనీరింగ్ పిల్లలకి ప్రాజెక్టు రికార్డులూ, నర్సింగ్ పిల్లలకి కేసు షీట్లూ తయారుగా ఉంచి అమ్మడం అతనికి ఎన్నాళ్లుగానో ఉన్న వ్యాపారం. చక్రపాణి తన సంపుటికి బైండింగ్ చేయించుకోవడానికి ఇచ్చినప్పుడు నాయుడు అలవాటు చొప్పున ఒక కాపీ ఉంచుకున్నాడు. వారం తర్వాత షాపు ముందు కొత్త బోర్డు వెలిసింది. డాక్టర్ల ఆత్మపరిశీలనలు ఇచ్చట తయారుగా లభించును. జ్వరం, చింతన, నాలుగు పేజీలు. కుక్కకాటు, పశ్చాత్తాపం, ఎనిమిది పేజీలు. అన్నిటికన్నా పైన పెద్దక్షరాలతో: సెగ్గడ్డ, సంపూర్ణం, బైండింగ్‌తో సహా.

సెగ్గడ్డ బాగా పోయింది. నాయుడు వాట్సాప్‌లో ఎనిమిది జిల్లాలకి పంపాడు. కొన్నవాళ్లు పేర్లు మార్చుకున్నారు. కొందరు అదీ మార్చలేదు. దర్జీని, ఎడమ పాదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అవి మారిస్తే తొంభై పేజీల్లోనూ మార్చాలి గనుక.

ఆరు నెలల సమీక్షలో సంపుటి విభాగం వారికి ముప్ఫై ఒక్క సంపుటుల్లో ముప్ఫై ఒక్క మంది దర్జీలు, ముప్ఫై ఒక్క ఎడమ పాదాలు కనిపించాయి. కాపీ కొట్టారేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఆత్మపరిశీలన అనేది ఎవరికి వారు లోపల చేసుకునేది, దాన్ని కాపీ ఎలా కొడతారు? మిగిలింది ఒకే ఒక్క వివరణ, అది అంటువ్యాధి. నిగమేశ్వరరావు గారు వెంటనే అప్రమత్తత ప్రకటించారు. ఎనిమిది జిల్లాల్లో దర్జీల ఎడమ పాదాలు తనిఖీ చేయడానికి బృందాలు బయలుదేరాయి. నందివలసలో బృందం సింహాద్రి మిషను ఆపించి, చెప్పు విప్పించి, పాదం మీది మచ్చకి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, మొట్టమొదటి రోగి ఇతనేనని నిర్ధారించింది. జబ్బు ఇతరులకి అంటకుండా అతన్ని పద్నాలుగు రోజులు విడిగా ఉండమన్నారు. పెళ్లిళ్ల సీజను. సింహాద్రి వకుళ దగ్గరికి వచ్చి, గడ్డతోనే ఉండిపోయినా బాగుండేది తల్లీ అన్నాడు.

వకుళకి మూడో మెమో వచ్చింది. మహమ్మారికి కేంద్రస్థానమైన ఆసుపత్రిలో పనిచేస్తూ ఆరు నెలల్లో మీరు ఒక్క సెగ్గడ్డ కూడా నమోదు చేయకపోవడం ఎట్లు సంభవించినది?

ఏడాది చివరి మూల్యాంకనానికి నిగమేశ్వరరావు గారే స్వయంగా నందివలస వచ్చారు. అప్పటికి ఆసుపత్రి బాగా మారింది. ఇంజెక్షన్ల గదికి ఆత్మపరిశీలన గది అని పేరు రాసి, లోపల రెండు కుర్చీలూ ఒక అద్దమూ పెట్టారు. సూదులు వరండాలో వేస్తున్నారు. ఓపీ రోజుకి నూట ఇరవై నుంచి పదకొండుకి దిగింది. ఆయన రిజిస్టరు చూసి, నాణ్యత అంటే ఇదీ అని మెచ్చుకున్నారు. మెట్ల కింద మంగళవారం బెంచీ దగ్గర మాత్రం జనం కిటకిటలాడుతున్నారు. అది రిజిస్టరులో లేదు గనుక ఆయనకి కనబడలేదు.

చక్రపాణి సంపుటి తొమ్మిది కిలోలు. ఇద్దరు మోసుకొచ్చారు. త్రాసు ముల్లు చివరిదాకా వెళ్లి ఆగిపోయింది. వకుళది అదే తొమ్మిది వందల గ్రాములు. ఈసారి ఆవిడ తన పొడుగు నోటుబుక్కు కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇందులో రెండు వందల పదకొండు మంది ఉన్నారు, నూట డెబ్భై మందికి బీపీ అదుపులో ఉంది, ఇది చూడండి అంది. సమీక్షకులు అటూ ఇటూ తిరగేశారు. ఇందులో అందరి మాటలూ ఉన్నాయి గాని, మీ మాట ఏదమ్మా అని అడిగారు. నాలుగు గడులు లేవు గనుక తూయడానికి వీల్లేదని వెనక్కిచ్చేశారు.

మధ్యాహ్నం భోజనాల వేళ సుగుణమ్మ గబగబా వచ్చి, పెద్దసారు వెనక గదిలో కూర్చుండిపోయారు, మిమ్మల్ని పిలుస్తున్నారు అంది. వకుళ వెళ్లేసరికి నిగమేశ్వరరావు గారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. తల తిరుగుతోందట, మెడ వెనక పట్టేసినట్టుందట. బీపీ నూట తొంభై ఎనిమిది ఉంది. వకుళ పడుకోబెట్టి, గుండె విని, కాళ్లూ చేతులూ ఆడించి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మాత్రలు ఎప్పుడు మానేశారని అడిగింది. వేసుకుంటున్నానన్నారు. ఇంకోసారి నెమ్మదిగా అడిగింది. ఆ మాత్ర వేసుకుంటే పొడి దగ్గు వస్తోందని, సదస్సుల్లో ఉపన్యాసం మధ్యలో దగ్గు రావడం బాగోదని నాలుగు నెలల కింద ఆపేశానని అప్పుడు చెప్పారు. వకుళ దగ్గు రాని మాత్ర రాసిచ్చింది. గంట తర్వాత బీపీ కొంచెం దిగింది. గుండె డాక్టరుకి ఈ వారంలోనే చూపించుకోమని గట్టిగా చెప్పింది.

వస్తూ వస్తూ గుమ్మంలో ఆగింది. “సార్, పక్క గదిలోనే చక్రపాణి ఉన్నారు కదా. మీరు నన్నే పిలిచారేం?”

నిగమేశ్వరరావు గారు పైకప్పు వైపు చూశారు. “ఆయన సంపుటి నేను పూర్తిగా చదివానమ్మా,” అన్నారు. “ఇది ఎంట్రీగా రాయకండి,” అని కూడా అన్నారు.

వకుళ రాయలేదు. రాయలేదు కాబట్టి అది జరగలేదు. వారానికి ఉత్తర్వు వచ్చింది. డాక్టర్ చక్రపాణి విశిష్ట శ్రేణిలో ఉత్తీర్ణులు, మంగళవారం క్లినిక్ బాధ్యత వారిదే. డాక్టర్ వకుళ సాక్ష్యాధారాల లేమి వల్ల అనుత్తీర్ణులు. ఆమె రాజధానిలోని సంపుటి విభాగంలో ఆరు నెలల పరిహార చింతన శిక్షణ పొందవలెను, ఆ కాలంలో రోగులను చూడరాదు. వకుళ పొడుగు పుస్తకం చక్రపాణి చేతిలో పెట్టి, పేరు పేరునా చెప్పింది. ముఖ్యంగా పైడితల్లి మాత్రలు ఒక్క వారం కూడా ఆగకూడదని రెండుసార్లు చెప్పింది. చక్రపాణి శ్రద్ధగా విన్నాడు. వింటున్నప్పుడు తనకేమనిపించిందో రాసుకున్నాడు.

రాజధానిలో ఆవిడకి సంచాలకుల గది పక్కనే గదిచ్చారు. అది ఎందుకో ఎవరూ చెప్పలేదు. మొదటి వారం నిగమేశ్వరరావు గారు తలుపు తోసుకొచ్చి చొక్కా చెయ్యి మడిచారు. రెండో వారం సంయుక్త సంచాలకులు వచ్చారు, ఆ వెనకే ఆయన అత్తగారు. నెల తిరిగేసరికి మంగళవారం పూట ఆ నడవాలో ఆఫీసర్లు కుర్చీలేసుకుని వరుసలో కూర్చోవడం మామూలైపోయింది. రోగుల్ని చూడకూడదన్న నియమాన్ని ఎవరూ అతిక్రమించలేదు. వాళ్లు రోగులు కారు, అధికారులు. వకుళ వాళ్లని చూస్తూనే మనసులో నందివలస బెంచీ తలుచుకునేది. ఆవిడకి దిగులుగా ఉండేది, ఆ దిగులు ఏ గడిలోనూ రాయలేదు.

మూడో నెలలో ఒక మంగళవారం నడవా చివర సుగుణమ్మ కనబడింది. సెలవు పెట్టి వచ్చింది. ఆమె భుజానికి ఆనుకుని పైడితల్లి నడుస్తోంది. ఎడమ కాలు నేలకి రాసుకుంటూ వస్తోంది. ఎడమ చెయ్యి ఒడిలో పెట్టుకున్నట్టు కుడి చేత్తో పట్టుకుంది.

సుగుణమ్మ చెప్పింది తక్కువే. మంగళవారం క్లినిక్‌లో ఇప్పుడు ఎంట్రీ ఆమోదం పొందాకే మాత్రలిస్తున్నారు. ఎంట్రీ పైకి వెళ్లి రావడానికి నెల పడుతోంది. పైడితల్లి అయిదు వారాలు వరసగా వచ్చింది, అయిదుసార్లూ ఏమనిపిస్తోందని అడిగారు, అయిదుసార్లూ వేలిముద్ర వేసింది, మాత్రలు రాలేదు. ఆరో వారం వచ్చేసరికి చెయ్యి లేవలేదు. ఎడమ బొటనవేలి ముద్ర పడలేదు గనుక ఆ ఎంట్రీ అసంపూర్ణం, రోగి సహకరించలేదు అని నమోదైంది. సుగుణమ్మే అంబులెన్సు పిలిచి జిల్లా ఆసుపత్రికి పంపింది.

పైడితల్లి మాట కొంచెం ముద్దగా వస్తోంది. వకుళని చూసి నవ్వబోతే మొహం ఒక పక్కకే కదిలింది.

“ఏలిముద్ర ఎయ్యనేకపోనానమ్మా,” అంది. “ఆ బాబు మరేటనుకున్నాడో.”

వకుళకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కుర్చీలో కూర్చున్న అధికారులు చూస్తుండగానే ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, పైడితల్లిని ముందు కూర్చోబెట్టి, కుడి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. వరుసలో మొదట ఉన్న నిగమేశ్వరరావు గారు లేచి చోటిచ్చారు. సుగుణమ్మ చెప్పిందంతా ఆయన విన్నారు. ఆయన మొహం పాలిపోయింది. మాట్లాడబోతే ఆయనకి తెలిసిన భాష ఒక్కటే నోటికొచ్చింది.

“ఇది ఎంట్రీ రాయండమ్మా,” అన్నారు. “ఇందులో చాలా గొప్ప అభ్యసనం ఉంది.”

ఆ రోజు వకుళ రాసింది. మొదటి గడిలో, మందులు అయిదు వారాలు ఆగితే పైడితల్లికి పక్షవాతం వచ్చింది. రెండో గడిలో, ఏడ్చాను. మూడో గడిలో, ఏమీ నేర్చుకోలేదు, మందు ఆగితే ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు. నాలుగో గడిలో, మళ్లీ అయితే మంగళవారం నందివలసలో ఉంటాను. కింద వేలిముద్ర గడి ఖాళీగా వదిలేసింది.

ఆ ఒక్క పేజీకి రాష్ట్రంలో అత్యధిక మార్కులొచ్చాయి. మూడో గడి వినయానికి పరాకాష్ఠ అని, రెండో గడి సంక్షిప్తతలో నూతన ప్రమాణమని, ఖాళీ వేలిముద్ర ఎంతో ప్రతీకాత్మకంగా ఉందని సమీక్షకులు రాశారు. బరువు తొమ్మిది వందల అయిదు గ్రాములే అయినా ప్రత్యేక సందర్భంగా సడలింపు ఇచ్చారు. డాక్టర్ వకుళ ఉత్తీర్ణులు, నందివలసకి తిరిగి వెళ్లవచ్చును. ఖాళీ అయిన ఆవిడ గదిలోకి చక్రపాణి శిక్షకుడిగా వచ్చాడు. మంగళవారాలు ఆ నడవాలో కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయని తర్వాత తెలిసింది.

వకుళ నందివలసలో బస్సు దిగేసరికి అప్పలనాయుడు షాపు బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. సెగ్గడ్డ కింద కొత్త వరుస ఉంది. పక్షవాతం, ఒక్క పేజీ, అత్యధిక మార్కులు. వకుళ అక్కడ నిలబడి రెండుసార్లు చదివింది. నాయుడు లోపల్నుంచి నమస్కారం పెట్టాడు. ఆవిడ గేటు దాటింది.

మెట్ల కింద బెంచీ మీద దుమ్ము పట్టి ఉంది. సుగుణమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. పొడుగు పుస్తకం బీరువా అడుగున దొరికింది. మొదటి మంగళవారం ఇరవై మందే వచ్చారు. మూడో దానికి పైడితల్లిని కోడలు ఆటోలో తీసుకొచ్చింది. బల్ల మీద పాత వేలిముద్రల సిరాపెట్టె ఇంకా అక్కడే ఉంది. పైడితల్లి కూర్చుంటూనే, ఎవరూ చెప్పకుండానే, తన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి, బొటనవేలు పట్టుకుని, సిరాపెట్టె వైపు నెట్టుకుంటూ తీసుకెళ్లింది. నాలుగంగుళాల దూరానికి చాలాసేపు పట్టింది.

వకుళ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. సిరాపెట్టె మూసి సొరుగులో పడేసి, మాత్రలు చీటీ లేకుండానే చేతికిచ్చింది.

“మరి రాసుకోవా అమ్మా?” అంది పైడితల్లి భయంగా.

“నీ బీపీ రాసుకుంటాను,” అంది వకుళ, కుడి చేతికి పట్టీ చుడుతూ.